నవ్వుల వెనుక: నాన్నల పటాలం బడికి పోయిన కథ

యీ శీర్షిక కింద నాటకాలు, సినిమాలు, సర్కసులు అన్నీ అయినవి. యీ నెల ఒక టెలివిజన్ హాస్య కథను గురించి చెప్పుకొందాం. దేశం ఇంగ్లండు, కాలం రెండవ ప్రపంచ యుద్ధం, పాత్రలు చాలావరకు ముసలివారు. ఆ కథల వరస పేరు ‘డాడ్స్ ఆర్మీ’. మన మాటల్లో నాన్నల పటాలం. తాతల పటాలం అన్నా తప్పులేదు. అందులో 1969 సెప్టెంబరు 18న బి.బి.సి. వారు ప్రసారం చేసిన ‘బాటిల్ స్కూల్’ అనే అరగంట కథ మన విషయం. బాటిల్ స్కూల్ అంటే యుద్ధ పాఠశాల. బడి యీడు ఏనాడో దాటిన పెద్దమనుషులు మళ్ళీ బడికి పోయి, వెక్కిరింతలు పడి, ఆకలితో నకనకలాడి, చివరకు మేష్టారి గదినే పట్టుకొన్న కథ యిది.

ముందు కొంచెం వెనుకటి సంగతి చెప్పాలి. 1940 మే నెలలో హిట్లరు సేనలు హాలండు, బెల్జియం, ఫ్రాన్సు దేశాలలోకి జొరబడినవి. తరవాత వంతు మనదేనని ఇంగ్లీషువారికి గుండెదడ పట్టుకొంది. సముద్రం మీద వస్తారో, ఆకాశంలోంచి గొడుగులు పట్టుకొని దిగుతారో తెలియదు. మే 14వ తేదీ రాత్రి యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడుతూ, సైన్యంలో లేని మగవారు, పదిహేడేళ్లు మొదలు అరవై అయిదేళ్ల వరకు ఉన్నవారు, తమ ఊళ్లు కాచుకొనడానికి ముందుకు రావాలని అడిగాడు. జీతం లేదని ముందే చెప్పాడు. వారం తిరగకుండా రెండున్నర లక్షలమంది పేర్లు వ్రాయించుకొన్నారు. వేసవి నడిచేసరికి ఆ లెక్క పదిహేను లక్షల దగ్గరకు పోయింది. ఉన్న తుపాకులు సైన్యానికే చాలవు. డంకర్కు రేవునుంచి తప్పించుకొని వచ్చిన సైన్యం ఆయుధాలన్నీ అక్కడే వదిలి వచ్చింది మరి. వేట తుపాకులు, చీపురు కర్రలు, దుడ్డుకర్రలు పట్టుకొని యీ పెద్దమనుషులు కవాతు చేశారు. 1941లో ప్రభుత్వం యినుప గొట్టాలకు పాత బాకులు అతికించి లక్షల సంఖ్యలో బల్లేలు చేయించింది! మొదట వీరి పేరు లోకల్ డిఫెన్స్ వాలంటీర్లు, పొట్టిగా ఎల్.డి.వి. చూడు, వంగు, మాయమైపో అని అర్థం వచ్చేట్టు ఆ మూడక్షరాలకు గడుగ్గాయలు వ్యాఖ్యానం చెప్పారు. జూలైలో చర్చిల్ పట్టుబట్టి ఆ పేరు తీసివేయించి, ‘హోం గార్డు’ అని పెట్టించాడు.

యీ దడ మన తీరానికి మాత్రం తెలియనిదా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన తరవాత మద్రాసు సగం ఖాళీ అయింది. ఆ రోజుల్లో పెట్టెలు సర్దుకొని తిరుపతి దిక్కుకో, బెంగుళూరు దిక్కుకో పోయిన కుటుంబాల కథలు మన సంఘంలో ప్రతి యింటా ఉన్నవి. కనుక 1940 నాటి ఇంగ్లీషు ఊళ్లో, కిటికీలకు నల్ల గుడ్డలు కట్టుకొని కూర్చున్న కుటుంబం సంగతి మనకు వేరే బోధించనక్కరలేదు.

యింత భయం మీద యిరవై ఎనిమిదేళ్ల తరవాత హాస్యం అల్లినవాడు జిమ్మీ పెరీ. ఆయన కుర్రతనంలో హోం గార్డులో నిజంగా పనిచేసినవాడే. రాత్రి కాపలాకు పోతే పిల్లవాడికి జలుబు చేస్తుందని వాళ్లమ్మ దిగులు పడేదట. కథలో పైక్ అనే కుర్ర గుమాస్తా ఉన్నాడు. మెడకు ఉన్ని మఫ్లరు చుట్టనిదే వాళ్లమ్మ గడప దాటనివ్వదు. ఆ పిల్లవాడు పెరీయే. 1898లో కిచెనర్ కింద సూడాను యుద్ధం చేసి వచ్చిన ముసలాయన ఒకడు పెరీ దళంలో ఉండేవాడు. ఆయన కథలో కసాయి జోన్స్ అయినాడు. పెరీకి జతగా వ్రాసి, తెరకెక్కించినవాడు డేవిడ్ క్రాఫ్ట్. 1968 జూలై 31న మొదలైన యీ వరస 1977 నవంబరు 13న ముగిసింది. మొత్తం 80 కథలు.

దళనాయకుడు బాంకు మేనేజరు మెయిన్‌వారింగ్. అట్లా వ్రాసి ‘మానరింగ్’ అని పలకాలి. వ్రాసినట్టు పలికే భాష మనది గనుక మనకు యీ అవస్థ లేదు. మొదటి రోజున యీయన బల్ల వెనక కుర్చీలో ముందుగా కూర్చొని, వచ్చినవారి పేర్లు వ్రాసుకొంటూ, తనను తానే కెప్టెనుగా నియమించుకొన్నాడు. సంఘాలు నడిపిన మన పెద్దలకు యీ పద్ధతి కొత్తగా తోచదు. ఆయన కింద సార్జెంటు విల్సన్. బాంకులో కూడా విల్సన్ ఆయన కింద పెద్ద గుమాస్తాయే. కాని పుట్టుకలో, చదివిన బడిలో మానరింగ్ కంటె మెట్టు పైవాడు. మానరింగ్‌కు అది లోలోపల మంట. విల్సన్ ఆజ్ఞ యివ్వవలసి వచ్చినప్పుడు, మీకేమీ అభ్యంతరం లేకపోతే కాస్త వరసలో నిలబడతారా అని పెళ్లివారిని విస్తళ్ల దగ్గర కూర్చోమన్నట్టు అడుగుతాడు. ఆపదలో ‘కంగారు పడవద్దు, కంగారు పడవద్దు’ అని అందరికంటె ఎక్కువ కంగారు పడేవాడు జోన్స్. యెప్పుడూ చావు కబురే చెప్పే స్కాట్లండు ముసలాయన ఫ్రేజర్. నల్లబజారు బేరగాడు వాకర్. ప్రతి ముఖ్య ఘట్టంలోను మర్యాదగా మరుగుదొడ్డికి వెళ్ళివస్తానని అడిగే గాడ్‌ఫ్రీ తాతగారు.

సోదరీమణులు గమనించవలసిన పాత్ర మరొకటి ఉంది. మానరింగ్ భార్య ఎలిజబెత్. తొమ్మిది సంవత్సరాలలో ఆమె ముఖం ఒక్కసారి కూడా తెరమీద కనిపించలేదు. టెలిఫోను మోగుతుంది, కెప్టెనుగారి ముఖం పాలిపోతుంది, అంతే. ఊరంతటికీ ఆజ్ఞలిచ్చేవాడికి ఆజ్ఞలిచ్చే శక్తి ఎక్కడుందో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

యిక కథ. మానరింగ్ దళానికి శనాదివారాలలో శిక్షణ పొందమని పిలుపు వస్తుంది. గెరిల్లా పోరు, అనగా పొంచి ఉండి దెబ్బతీసి తప్పుకొనే పోరు, నేర్పే బడి అది. సీలు వేసిన కవరులో ఆజ్ఞలు, చేతిలో దేశపటం, రైలు ప్రయాణం. కెప్టెనుగారు పటం చూస్తున్నారంటే దారి తప్పినట్టే లెక్క. తప్పుతారు. అర్ధాకలితో, ఆలస్యంగా బడికి చేరేసరికి భోజనం వేళ దాటిపోతుంది. తెల్లవారిన తరవాత కూడా అదే వరస. యీ పని పూర్తి చేసి వచ్చేసరికి ఫలహారం అయిపోతుంది, ఆ పని పూర్తి చేసేసరికి మధ్యాహ్నం భోజనం అయిపోతుంది. పెళ్లిలో మూడో పంక్తికి కూడా దొరకనివారి ముఖాలు ఎట్లా ఉంటవో అట్లా ఉంటవి వారి ముఖాలు. తుపాకి మోతకు చలించని జోన్స్ కూడా ఖాళీ పళ్లెం చూచి నీరసపడతాడు. యుద్ధం మీద తీసిన కథలో అన్నం మీద యింత హాస్యం ఎందుకంటే, రేషను కార్డుల రోజుల్లో ప్రతి యింటా అదే మాట గనుక. ఆ కథ చూచిన 1969 నాటి నడివయసువారు ఆ రేషను తిని పెరిగినవారే.

బడిలో మేష్టారు కెప్టెన్ రోడ్రిగ్స్. స్పెయిన్ అంతర్యుద్ధంలో రాటుతేలినవాడు. పెట్టుడు మర్యాదలు లేవు, మెరుగుపెట్టిన బూట్లు లేవు. యీ బాంకు గుమాస్తాలను, కసాయిలను చూచి పెదవి విరుస్తాడు. వీరివల్ల ఏమవుతుందని మాటమాటకీ యీసడిస్తాడు. చివరి పరీక్ష ఏమంటే, బడి ముఖ్య స్థావరాన్ని పట్టుకోవాలి. చుట్టూ కరెంటు తీగల కంచె, కావలి కుక్కలు. యింతవరకు ఏ దళమూ పట్టుకొన్నది లేదు. మానరింగ్ దళం ఏమి చేయబోయినా తప్పుదారే అవుతుంది. అట్లా తప్పటడుగులు వేస్తుండగా కెప్టెనుగారు అమాంతం ఒక గోతిలో పడతారు. అది గొయ్యి కాదు, సొరంగం. సరాసరి స్థావరంలోకే దారి! మేష్టారు పెదవి విరిచిన ముసలివాళ్లు నేలలోంచి మొలిచినట్టు ఆయన ముందు నిలబడతారు.

గెలుపు తెలివివల్ల వచ్చిందా, గోతివల్ల వచ్చిందా అని ఎవరైనా అడగవచ్చు. నా మట్టుకు నేను మానరింగ్ పక్షమే. గోతిలో పడినవాడు మోకాలు రుద్దుకొంటూ పైకెక్కి ఇంటికి పోవచ్చు. యీయన అది ఎటు పోతుందో చూద్దామన్నాడు, వెనక ఉన్నవారిని కూడా దిగమన్నాడు. ఆయనలో డాబు, అజ్ఞానం, కోపం అన్నీ ఉన్నవి. వెనకడుగు మాత్రం లేదు. యీ కథల్లో శత్రువు జర్మనుగా రావటం తక్కువ. శిక్షణ కథల్లో శత్రువు ఎవరంటే, మీరేమి సిపాయిలు లెమ్మని చప్పరించే అసలు సైన్యపు అధికారి. ఆ చప్పరింపుకు జవాబు చెప్పటమే వారికి యుద్ధం.

అయితే రోడ్రిగ్స్ వంటి మేష్టారు ఊహలో పుట్టినవాడు కాడు. యీ సంగతి తెలిసి ఆ కథను మళ్ళీ చూస్తే రుచి మారిపోతుంది. అటువంటి బడి 1940 జూలైలో లండను పడమటి శివారున ఆస్టర్లీ పార్కు అనే జమీందారీ భవనం తోటలో నిజంగా వెలిసింది. పెట్టినవాడు టామ్ వింట్రింగ్‌హామ్, స్పానిషువాడు కాడు, గ్రిమ్స్‌బీ ఊళ్లో పుట్టిన ఇంగ్లీషువాడు. మొదటి యుద్ధంలో పనిచేశాడు. తరవాత కమ్యూనిస్టు అయి 1925లో జైలుకు వెళ్లాడు. 1937 ఫిబ్రవరిలో స్పెయిన్‌లో హరామా నది ఒడ్డున, ఫ్రాంకో సేనలకు ఎదురుగా బ్రిటిషు వాలంటీర్ల దళాన్ని నడిపి గాయపడ్డాడు. 1938లో పార్టీ వారు ఆయనను బయటకు పంపివేశారు. జర్మను టాంకులు, విమానాలు పనిచేసే తీరు ఇంగ్లండులో చాలామంది దొరలు పత్రికల్లో చదివారు. యీయన కళ్లారా చూచాడు.

సైన్యం ఆయనకు పని యివ్వలేదు. ఆయన ‘పిక్చర్ పోస్ట్’ అనే బొమ్మల వారపత్రికలో సామాన్యుడు టాంకును ఎట్లా ఎదుర్కోవాలో వ్యాసాలు వ్రాశాడు. ఆ పత్రిక యజమాని ఎడ్వర్డ్ హల్టన్ డబ్బు పెట్టాడు. భవనం యజమాని జెర్సీ ప్రభువు, తోటలో ఏమి పేల్చుకొన్నా సరే, యిల్లు మాత్రం పేల్చవద్దు, తరతరాలుగా మాది అని చెప్పి స్థలం యిచ్చాడట. ఆ యిల్లు నేటికీ చెక్కుచెదరక ఉంది.

ఆ బడి పంతుళ్ల జాబితా చూస్తే హాస్య కథకు ఏ మాత్రం తీసిపోదు. స్పెయిన్ యుద్ధంలో ఉన్న కెనడావాడు బెర్ట్ లెవీ కత్తి పట్టడం, పొంచి ఉండటం నేర్పేవాడు. స్పెయిన్ గని కార్మికులు మందుగుండు పని చెప్పేవారు. రూపు మరుగుపరచుకొనే విద్య నేర్పినవాడు రోలండ్ పెన్రోజ్ అనే చిత్రకారుడు. పికాసో స్నేహితుడు, పుట్టింది యుద్ధమంటే గిట్టని క్వేకరు కుటుంబంలో. పాఠం మధ్యలో నిద్రపోయే పెద్దలను లేపడానికి ఆయన ఒక స్లైడు వేసేవాడు. రంగు పూసుకొని వల కింద దాగిన ఒక స్త్రీ ఫొటో అది. యిది కుటుంబ పత్రిక గనుక యింతకంటె వర్ణించను. పెద్దలు మాత్రం మళ్ళీ నిద్రపోలేదని ప్రతీతి.

వారాంతాల్లో ఆఫీసు గుమాస్తాలు, తోటమాలీలు, పింఛనుదార్లు వచ్చి నేర్చుకొన్నారు. మూడు నెలల్లో సుమారు అయిదువేలమంది నేర్చుకొని పోయారంటారు. అక్కడ కవాతుకు గౌరవం లేదు. కాళ్లు కలిపి నడవటం వల్ల టాంకు ఆగదు అన్నది వింట్రింగ్‌హామ్ వాదం. సైన్యాధికారులకు యిది ముల్లయింది. ఎర్ర రాజకీయాలవాడు వేలమందికి బాంబులు చేయటం నేర్పుతున్నాడని ఒక భయం, క్రమశిక్షణ పాడవుతుందని మరొకటి. శరత్కాలం వచ్చేసరికి యుద్ధశాఖ బడిని తన చేతిలోకి తీసుకొంది. ఆస్టర్లీ మూతపడింది, బడి మరొక చోటికి మారింది. వింట్రింగ్‌హామ్ 1941లో తప్పుకొన్నాడు. అన్నిటికంటె విచిత్రం ఏమంటే, వేల హోం గార్డులకు పాఠం చెప్పిన ఆ మనిషిని హోం గార్డులో చేర్చుకోలేదు. కమ్యూనిస్టులకు, ఫాసిస్టులకు ప్రవేశం లేదన్న నియమం అడ్డం వచ్చింది. ఆయన 1949లో పోయాడు.

యిది తెలిసిన తరవాత రోడ్రిగ్స్ పాత్ర మీద నాకు చిన్న అసంతృప్తి మిగిలింది. రచయితలు మేష్టారిని పరదేశిని చేసి, గర్విష్ఠిని చేసి, చివరకు ఓడించారు. నవ్వుకు అది అవసరమే. నిజంలో మాత్రం ఆ మేష్టారు మానరింగ్ వంటివారిని యీసడించినవాడు కాడు. వీరివల్ల అవుతుంది అని సైన్యంతో వాదించి, ఆ వాదం వల్లనే చెడినవాడు. అదే కాలంలో లండనులో హోం గార్డు సార్జెంటుగా ఉన్న మరొక స్పెయిన్ యోధుడు మనకు బాగా తెలిసినవాడు. బీహారులోని మోతీహారిలో పుట్టిన జార్జి ఆర్వెల్. యీ ముసలి దళాలు ప్రజా సైన్యంగా మారగలవని ఆయన కూడా ఆశపడ్డాడు.

శిక్షణ మీద వచ్చిన కథలు యీ వరసలో యింకా ఉన్నవి. 1970లో వచ్చిన ‘డోంట్ ఫర్గెట్ ది డైవర్’ కథలో పక్క ఊరి దళం కాపలా ఉన్న గాలిమరను పట్టుకోవాలి. జోన్స్ ఆ గాలిమర రెక్కకు చిక్కుకొని చుట్టు తిరుగుతాడు. 1973 నవంబరు 21న వచ్చిన ‘వుయ్ నో అవర్ ఆనియన్స్’ కథ అంతకంటె పసందు. దళానికి సామర్థ్య పరీక్ష. వాకర్ వాన్‌లో ఉల్లిపాయలు. వాటిని కొనవలసినవాడు ఏ.ఆర్.పి. వార్డెను హాడ్జెస్. దీపం ఆర్పండి అని వీధివీధికీ అరిచే ఏ.ఆర్.పి. వారిని మద్రాసు పెద్దలు మరచిపోయి ఉండరు. చివరకు పరీక్షలో శత్రువు మీదపడే వేళ, దళంవారు ఫిరంగిలో ఉల్లిపాయలు కూరి పేలుస్తారు!

ఉల్లిపాయే ఎందుకు? ఆ దేశానికి ఉల్లి ఎక్కువగా ఫ్రాన్సు తీరంనుంచి, దగ్గర దీవులనుంచి వచ్చేది. 1940లో అవి జర్మనుల చేతిలో పడటంతో ఉల్లి కరువైంది. లాటరీలో బహుమతిగా ఒక్క ఉల్లిపాయ పెట్టిన రోజులవి. ఉల్లి ధర పెరిగితే ప్రభుత్వాలే కంటనీరు పెట్టుకొనే దేశంలో ఉన్నాం గనుక, ఫిరంగిలో ఉల్లి కూరటం ఎంత సాహసమో మన గృహిణులు ఇంగ్లీషువారి కంటె బాగా గ్రహిస్తారు.

ఆ ఫిరంగి కూడా కల్పన కాదు. దాని పేరు స్మిత్ గన్. ఆటబొమ్మలు చేసే కంపెనీకి చెందిన స్మిత్ అనే ఇంజనీరు కట్టినది. రెండు పెద్ద చక్రాల మధ్య గొట్టం. కారు వెనక కట్టి లాగుకొని పోయి, పక్కకు పడదోయాలి. కింది చక్రం పీట అవుతుంది, పై చక్రం గొడుగు అవుతుంది. చూడటానికి పెద్ద పిల్లల ఆటవస్తువు. గుండ్లు నమ్మకమైనవి కావు గనుక పేల్చేవారికి శత్రువు కంటె దీని భయమే ఎక్కువగా ఉండేది. హాస్య రచయిత కొత్తగా కల్పించవలసినది పెద్దగా లేదన్నమాట.

యిట్లా నవ్వించటం తగునా అన్న ప్రశ్న ఆనాడే వచ్చింది. దేశం కోసం నిలబడినవారిని ఎగతాళి చేసినట్టవుతుందని బి.బి.సి. లోపలే భయపడ్డారు. మొదటి కథ ముందు నిజమైన యుద్ధ దృశ్యాలు, పారిపోయే కాందిశీకుల దృశ్యాలు పెడితే, హాస్యానికి ముందు యివి తగవని పై అధికారి పాల్ ఫాక్స్ అడ్డుచెప్పాడు. అందుకే యిప్పుడు మనం చూచే గీతల పటం, దానిమీద పాకే బాణాలు వచ్చినవి. ముందుగా కొందరికి వేసి చూపి అభిప్రాయాలు అడిగితే మెచ్చుకోలు తక్కువైంది. ఆ కాగితాలను క్రాఫ్ట్ పైవారి కంట పడకుండా చూచాడట. ప్రసారమైన తరవాత జనం తీర్పు వేరుగా వచ్చింది. పాత హోం గార్డులే యింటింటా కూర్చొని, మా దళంలో కూడా యిట్లాంటివాడు ఒకడు ఉండేవాడు అని చెప్పుకోసాగారు.

నటుల చరిత్ర తెలిస్తే ఎగతాళి అన్న మాట నోటరాదు. గాడ్‌ఫ్రీగా నటించిన ఆర్నల్డ్ రిడ్లీ 1916లో సోమ్ యుద్ధంలో బాకు పోటుకు చేయి చెడినవాడు. ఫ్రేజర్‌గా వేసిన జాన్ లారీ మొదటి యుద్ధంలో సిపాయి, రెండవ యుద్ధంలో హోం గార్డు. ముసలి జోన్స్‌గా వేసిన క్లైవ్ డన్ అప్పటికి యాభై కూడా నిండనివాడు. ఆయన 1941లో గ్రీసులో జర్మనులకు చిక్కి నాలుగేళ్లు ఖైదులో ఉన్నాడు. మరొక కథలో గాడ్‌ఫ్రీ మొదటి యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించాడని తెలిసి తోటివారు ఆయనను వెలివేస్తారు. తరవాత ఆయన మంచం పక్క గోడమీద ఫొటోలో పతకం కనిపిస్తుంది. ఆయుధం పట్టకుండా, గాయపడినవారిని మోసి తెచ్చి సంపాదించిన పతకం. ఆ ఘట్టంలో నవ్వేవారు ఉండరు.

శిక్షణ అంటే గాయాలు లేని ఆట అని కూడా అనుకోరాదు. 1973లో వచ్చిన ఒక కథలో జర్మను నావికుడు జోన్స్ ముసలాయన లాగులో గ్రెనేడు దోపిస్తాడు. చూచినవారు పొట్ట చెక్కలయేట్టు నవ్వుతారు. 1942 సెప్టెంబరు 13న సాలిస్‌బరీ దగ్గర ఒక గుట్ట మీద హోం గార్డులకు గ్రెనేడు విసరటం నేర్పుతున్నారు. ఒకడు విసిరిన గ్రెనేడు గట్టుకు తగిలి వెనక్కి దొర్లి వచ్చింది. లెఫ్టినెంటు విలియం ఫాస్టర్, వయసు అరవై ఒకటి, పాత యుద్ధాల పతకాలు ఉన్నవాడు, దాని మీద బోర్లా పడి తాను పోయి తక్కినవారిని బ్రతికించాడు. ఆయనకు మరణానంతరం జార్జి క్రాస్ యిచ్చారు. శత్రువు ఒక్కడు కూడా ఆ గుట్ట దాపులకు రాలేదు. హోం గార్డు వారు విధిలో ఉండి పోయినవారు పన్నెండువందల పైచిలుకు.

ఆడవారి మాట ఒకటి మిగిలింది. ఈడెన్ పిలుపు మగవారికే. తుపాకి నేర్చుకొంటామని వచ్చిన స్త్రీలను వెనక్కి పంపారు. పార్లమెంటు సభ్యురాలు డాక్టర్ ఎడిత్ సమ్మర్‌స్కిల్ ఊరుకోక, స్త్రీలకు వేరే దళాలు కట్టించి రైఫిలు నేర్పించింది. 1943లో ప్రభుత్వం స్త్రీలను సహాయకులుగా చేర్చుకొంది, చేతికి ఆయుధం మాత్రం యివ్వలేదు. యీ సంగతి మీద ఒక కథ వ్రాసి ఉంటే బాగుండేది. ఎలిజబెత్ మానరింగ్ రైఫిలు పట్టి తెరమీదకు వచ్చి ఉంటే ఒక్క వారంలో యుద్ధం ముగిసేది.

మహారాష్ట్రలోని మనవారికి పనికివచ్చే ముక్క ఒకటి. పెరీ తరవాత అసలు సైన్యంలో చేరి, నాసిక్ దగ్గరి దేవళాలీ శిబిరంలో ఫిరంగి దళంవారి వినోద బృందంలో పనిచేశాడు. ఓడ కోసం నెలల తరబడి అక్కడ కాచుకొని మతి పోగొట్టుకొన్న సిపాయిలవల్ల, మతి చలించటానికి ‘డూలాలీ’ అన్న మాట ఇంగ్లీషులోకి పోయింది. ఆ జ్ఞాపకాల మీద పెరీ, క్రాఫ్ట్ కలిసి 1974 నుంచి 1981 వరకు మరొక హాస్యమాలిక నడిపారు. అందులో భారతీయ నౌకరు వేషం ఒక తెల్లవాడు ముఖానికి రంగు పూసుకొని వేశాడు. ఆ నటుడు ఝాన్సీలో పుట్టి హిందీ వచ్చినవాడే అయినా, నాకు అది మింగుడుపడలేదు. బి.బి.సి. వారు కూడా దానిని మళ్ళీ ప్రసారం చేయటం మానుకొన్నారు. తమవారిని చూచి నవ్వినప్పుడు ఉన్న చనువు, పరాయివారిని చూచి నవ్వినప్పుడు కుదరలేదు.

పిల్లలతో కూర్చొని చూడదలచినవారు 1968 నాటి మొదటి కథతో మొదలుపెట్టండి. కుర్చీలో ముందుగా ఎవరు కూర్చొన్నారో తెలియాలి గదా. తరవాత ‘బాటిల్ స్కూల్’, ఆ తరవాత ఉల్లిపాయల కథ. మొదటి రెండు వరసలు నలుపు తెలుపు. ‘బాటిల్ స్కూల్’ ఉన్న మూడవ వరసనుంచి రంగుల్లో తీశారు. ఆ రోజుల్లో టేపు ఖరీదు గనుక పాతవి తుడిచి మళ్ళీ వాడుకొనేవారు. రెండవ వరసలో అయిదు కథలు అట్లా పోయినవి. 2001లో వాటిలో రెండు ఫిల్ములు బయటపడినవి. మూడు నేటికీ దొరకలేదు. దొరికిన రెంటిలో ఒకటి ‘ఆపరేషన్ కిల్ట్’. అది కూడా శిక్షణ కథే. యీసారి శత్రువులు గౌనుల వంటి పొట్టి లాగులు కట్టిన స్కాట్లండు పటాలంవారు.